గోడ మీద గోనెసంచి

చిలకలగూడల, రైల్వే క్వార్టర్ల వెనక
రెండు చర్చీలకు ఒకటే గోడ.
గోడ మీద సీసా పెంకులు.
పెట్టించింది మా కమిటీనే, రశీదు నా దగ్గరున్నది:
సిమెంటు మూడు బస్తాలు, పాత సీసాలు ఒక గోనెడు.

ఇవతల మాది. రాతి గోడలు, గంట,
పసిపిల్లల నుదుటి మీద మూడు చుక్కలు.
అవతల వాళ్ళది. రేకుల షెడ్డు, డ్రమ్ములు,
నిలువెత్తు మనిషి మునిగేటంత సిమెంటు తొట్టి.

గంట కొడుత, మోటారు వేస్త,
ఇరవై రెండేండ్ల సంది ఇదే నా కొలువు.
చెవులు రెండున్నయి గనక
ప్రసంగాలు రెండూ వింట.
వాళ్ళ పాస్టరు ఫిలెమోను మైకుల అంటుండె:
"చుక్కలు చల్లితే తల తడుస్తది, మనసు తడుస్తదా?"
మా పెద్దలు బెంచీల మీద గొణుగుతుండ్రి:
"మునిగితేనే రక్షణైతే
మూసీల బర్రెలన్నీ ఎప్పుడో పరలోకం పోయేటివి."
మా కోశాధికారి ఎలీయాజరు
కానుకల కంటె ముందు
వాళ్ళ గడప కాడ చెప్పులు లెక్కపెడుతుండె.
నాలుగు జతలు తక్కువైతే
ఆ పూట వాళ్ళింట్ల కోడికూర.

పోయిన మే నెలల వాళ్ళ బోరు సచ్చింది.
తొమ్మిదొందల అడుగులు, ఉత్త గాలి.
ట్యాంకరు బుక్ చేస్తే పన్నెండో రోజుకన్నరు.
తొట్టిల ఒక బల్లి, ఎండిన ఆకులు.
బాప్తిస్మానికి పేర్లిచ్చినోళ్ళు ఏడుగురు.
అండ్ల దీవెనమ్మ.

దీవెనమ్మ మా మనిషి.
డెబ్బై ఏండ్ల కింద మా దగ్గరనే చుక్కలు పడ్డయి,
రిజిస్టరుల పేరున్నది, సిరా వెలిసిపోయింది.
కొడుకు పోయిన ఏడు
మా నుంచి పూలదండ పోయింది, మనిషి పోలే.
వాళ్ళు నలభై రోజులు ఆమె ఇంట్ల చాపేసుకొని కూసున్నరు.
అట్ల దాటింది గోడ.
ఇప్పుడు వారానికి మూడుసార్లు గాంధీ దవాఖానల డయాలసిస్.
పన్నెండు రోజుల వాయిదా
ఆమె ఒంట్ల లేదు.

ఫిలెమోను మా కమిటీ రూములకు వచ్చిండు,
చెప్పులు బయటనే ఇడిచి.
కుర్చీ వెయ్యమని ఎవరూ అనలే, నేనే వేసిన.
అడిగిండు.
కొంచెం సేపు ఫ్యాను చప్పుడే.
"మన నీళ్ళతోటి మన మనిషినే మళ్ళ ముంచుతరా?"
ఎలీయాజరు గొంతు వణికింది, కోపమో సిగ్గో.
దీవెనమ్మ ఆయనకు మేనత్త.

మా అయ్యగారు కళ్ళజోడు తుడుచుకుంట, తుడుచుకుంట,
ఎవర్నీ చూడకుండ నన్నడిగిండు:
"ఒబేదూ, పై ట్యాంకు నిండిందా?"
"నిండిందయ్యగారూ."
"పైపు సరిపోతదా?"

సరిపోలే.
ఎలీయాజరే ఇంటికి పోయి ఇంకో ముక్క తెచ్చిండు,
మొక్కలకు పోసే పచ్చపైపు.
అతుకు కాడ సైకిలు ట్యూబు చుట్టినం.
పెంకులు కోస్తయని
గోనెసంచి మడిచి గోడ మీద పరిచినం.
అయినా కారింది. కారే కాడ
రెండు సండేస్కూళ్ళ పిల్లలు తలలు పెట్టిండ్రు.
అది చిలకరింపో, ముంచుడో,
పైనున్నాయన రాసుకోవాలె.

ఆదివారం తెల్లారంగ
దీవెనమ్మను కుర్చీతోనే ఎత్తుకొచ్చిండ్రు.
సూదులు గుచ్చిన చేతికి ప్లాస్టిక్ కవరు, రబ్బరు బ్యాండ్లు.
మా అయ్యగారు తొట్టిల దిగలే.
దిగనని ముందే చెప్పిండు, అది ఆయన నమ్మకం.
మెట్టు మీద తువ్వాల పట్టుకొని నిలబడ్డడు.
ఆమె లేచి, ముక్కుల నీళ్ళు పోయి దగ్గుతుంటె
ముందు తల తుడిచింది ఆయనే.
ఆమె ఒకటే మాటన్నది:
"సల్లగున్నయి."

ఇప్పటికీ మా మౌనప్రార్థన యాళ్ళకే
వాళ్ళ డ్రమ్ములు మొదలైతయి.
చెప్పుల లెక్క ఆగినట్టుంది, నేనైతే అడగలే.
గోనెసంచి ఎవరూ తియ్యలే.
వానకు నాని, పెంకులకు అతుక్కపోయింది,
దాని మీద పిల్లి పండుకుంటది.

దేవునికి ఎన్ని నీళ్ళు కావాల్నో,
మూడు చుక్కలో, తొట్టెడో,
సదువుకున్నోళ్ళు తేల్చుకోనీ.
నాకు తెలిసింది
మోటారు ఎంతసేపు వెయ్యాల్నో:
గంటన్నర.